సముద్రం వైపు తిరిగిన పెళ్ళికొడుకు

గాలికి టెంటు గుడ్డ ఎగిరిపోయి, డెకరేషన్ అతను దాని వెనకాలా, నేను అతని వెనకాలా పరిగెత్తుతుండగా పోయిన వారం మీరు నన్ను వదిలేశారు. మీరు హాయిగానే ఉండి ఉంటారు. నేను మాత్రం వారమంతా ఆ ఇసకలోనే ఉన్నాను. గుడ్డ దొరికింది. చిరిగిన చోట కుట్టించాం. స్తంభాలకి ఇసక బస్తాలు కట్టించాం. ఇక ఈసారి ఎగిరితే టెంటు ఎగరదు, డెకరేషన్ అతనే ఎగరాలి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. మా చెల్లి కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. నిరుడు స్నేహితురాళ్ళతో బీచ్‌కి వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఫొటో దిగబోతే అల వచ్చి లాక్కుపోయింది. అక్కడ కాపలా ఉండే లైఫ్‌గార్డు దాన్ని బయటికి తీసి ఊపిరి పోశాడు. అది కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అతని మొహం ఉంది. ఇక ఇంకో మొహం చూడనని భీష్మించుకు కూర్చుంది. మా ఇంట్లో కాదనేవాళ్ళెవరు? ఆ రోజు నుంచి అతని పేరు మా అమ్మ నోట పలకదు, "ప్రాణదాత" అంటుంది. నేను మాత్రం ఈతగాడు అంటాను. నాకు మరిది కాబోతున్నాడు కాబట్టి ఆ మాత్రం హక్కుంది.

ఆదివారం సాయంత్రం పెళ్ళి. ఎక్కడంటారా? ఎక్కడ మునిగిందో అక్కడే. "అక్కా, నన్ను ఎక్కడ ప్రాణంతో బయటికి తెచ్చాడో అక్కడే అతని చెయ్యి పట్టుకుంటాను" అంది మా చెల్లి. ఇలాంటి మాట అన్నాక దానికి ఏ హాలు చూపించినా ఏం లాభం?

నేను ఆపరేషన్ థియేటర్లో నర్సుని. డాక్టరు కత్తి పట్టుకునే ముందే, ఆ కత్తి జారితే అందివ్వడానికి ఇంకో కత్తి పెట్టుకునే ఉద్యోగం నాది. కాబట్టి ఈ పెళ్ళి ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. కుర్చీ కాళ్ళు ఇసకలో దిగబడితే? ప్రతి వరస కిందా చెక్కపలకలు వేయించాను. గాలికి మైకు బుసలు కొడితే? దానికి దూది తొడుగు. ఎండ కళ్ళలో పడితే? పెళ్ళి వేళ పొద్దు వాలాక పెట్టించాను. మడమ చెప్పులతో వచ్చి ఇసకలో కూరుకుపోయే అత్తయ్యల కోసం చెప్పులు వదిలే చోటు, కాళ్ళు కడుక్కునే చోటు. పోటు ఎక్కడి దాకా వస్తుందో చూసుకుని టెంటు వెనక్కి. వానొస్తే ఉంటుందని రోడ్డవతల ఒక హాలు కూడా పట్టిపెట్టాను. శుక్రవారం పొద్దున చెల్లీ, అది చెప్పమంటే ఈతగాడూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఫోన్ చేసి, ఆకాశం అద్దంలా ఉంది, ఆ హాలు ఇంకెవరికైనా ఉపయోగపడనీ అని బుర్ర తినేస్తే, సరేనని దాన్ని వదిలేశాను.

ఆ శుక్రవారం సాయంత్రమే రిహార్సల్ పెట్టుకున్నాం. ఇక చదవండి నా బాధ.

సముద్రం ఒక పక్క, కుర్చీలు ఒక పక్క. మధ్యలో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఎదురెదురుగా నిలబడాలి. ఒకరికొకరు నాలుగు మాటలు చెప్పుకోవాలి, ఉంగరాలు మార్చుకోవాలి. ఇంతే. చిన్నపిల్లలు కూడా చేసేస్తారు. ఉంగరాలు సరిపోతాయో లేదో ముందే ఒకళ్ళకొకళ్ళు తొడిగి చూసుకున్నారు. మా చెల్లి గొంతు సవరించుకుని, నవ్వుతూ మొదలుపెట్టింది.

"ఆ రోజు నువ్వు నన్ను నీళ్ళలోంచి తీసినప్పుడు..."

ఈతగాడు తల తిప్పి సముద్రం వైపు చూశాడు.

"ఆపండాపండి" అన్నాడు ఫొటోగ్రాఫరు. మంచివాడే గానీ ఓపిక తక్కువ మనిషి. "మేడమ్, నా కెమెరాకి పెళ్ళికొడుకు గారి చెవి తప్ప ఇంకేం దొరకట్లేదు. చెవికి ఆల్బమ్ చేయమంటే చేస్తాను."

"ఏమయ్యా, పెళ్ళికూతురు ఇటుంది" అన్నాను.

"సారీ వదినా. అలవాటు" అన్నాడు.

మళ్ళీ మొదలు. ఈసారి ఎవరో నిక్కరు వేసుకున్న పెద్దమనిషి బంతి వెతుక్కుంటూ వచ్చి, ఇద్దరి మధ్యా వంగి, బంతి తీసుకుని, "కంగ్రాచులేషన్స్" అని వెళ్ళాడు. ఇది నేను ముందే ఊహించాను కాబట్టి, ఆదివారానికి తాడు కట్టి ఇద్దరు మనుషుల్ని నిలబెట్టే ఏర్పాటు ఉంది. ఆ తర్వాత గాలి విసురుకి చెల్లి జుట్టు దాని నోట్లోకే పోయింది. దానికీ పిన్నులున్నాయి. జుట్టు సర్దాను. చెల్లి మళ్ళీ నోరు విప్పింది.

"ఆ రోజు నువ్వు నన్ను నీళ్ళలోంచి తీసినప్పుడు, నాకు రెండో జన్మ..."

ఈతగాడి తల మళ్ళీ తిరిగింది. ఎవరో తాడు కట్టి లాగినట్టు తిరిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. గాలికి మందు కనిపెట్టాను, ఇసకకి మందు కనిపెట్టాను, ఎండకీ పోటుకీ బంతి పోగొట్టుకున్న పెద్దమనిషికీ మందు కనిపెట్టాను. పెళ్ళికొడుకు మెడకి మందు ఎక్కడ దొరుకుతుంది?

"పోనీ ఇద్దరూ చోటు మార్చుకోండి. వీపు సముద్రానికి పెట్టు. అప్పుడెలా చూస్తావో చూస్తాను" అన్నాను.

మార్చుకున్నారు. సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. చెల్లి చెప్పడం మొదలెట్టింది. సగం వాక్యం దగ్గర ఒంటికాలి మీద గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఫొటోగ్రాఫరు కెమెరా దించేసి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మా అమ్మ అప్పటికే కంట్లో ఇసక పడిందని కార్లోకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ "పాపం, అతని ఉద్యోగమే అంత కదే, ఎవరు మునుగుతారోనని భయం" అని నాకే నీతి చెప్పి వెళ్ళింది.

"చూడవయ్యా" అన్నాను, గొంతు తగ్గించడానికి చాలా కష్టపడుతూ. "నువ్వు చూడకపోతే సముద్రం ఎక్కడికీ పోదు. ఆదివారం ఒక్క పావుగంట దాన్ని వదిలెయ్. ఆ పావుగంటా నా చెల్లిని చూడు. అంతకంటే నిన్నేమీ అడగను."

"చూస్తాను వదినా."

"ఇందాక సారీ కూడా అన్నావు."

చెల్లి ఇందాకటి నుంచీ నవ్వడం మానేసిందని నాకు అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ సమయానికి బీచ్ ఆఫీసరు గారు వచ్చారు. మాకు అక్కడ టెంటు వేసుకోవడానికి అనుమతి ఇచ్చింది ఆయనే. పెద్దాయన, మెత్తటి మనిషి. టెంటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఇసక బస్తాలు చూసి ముచ్చటపడి, నన్ను మెచ్చుకున్నారు. ఆ రోజంతా నన్ను మెచ్చుకున్న మనిషి ఆయనొక్కరే. అందుకని నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"ఏమోయ్, ఆదివారం కాపలా టవర్ మీదికి ఎన్నింటికి ఎక్కుతావు?" అని ఈతగాడిని అడిగారాయన.

"ఎవరు ఎక్కుతారు?" అన్నాను నేను.

"ఈయనే అమ్మా. జనం పోగయ్యే చోట ఒక లైఫ్‌గార్డు డ్యూటీలో ఉండాలని అనుమతి ఇచ్చినప్పుడే చెప్పాను కదా. ఆదివారం డ్యూటీ ఈయనదే."

"సార్, ఆదివారం ఈయన పెళ్ళికొడుకండీ."

"నేనూ అదే అన్నానమ్మా. టవర్‌కీ టెంటుకీ ఎంత దూరం, రెండూ చూసుకుంటానన్నాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెళ్ళి బట్టల మీద ఈల వేలాడేసుకుని, ఉంగరం తొడుగుతూ తొడుగుతూ మధ్యలో ఈల ఊది, "ఏయ్, అటు వెళ్ళకండి" అని అరిచే పెళ్ళికొడుకు నా కళ్ళ ముందు కదిలాడు. వచ్చిన చుట్టాలు ఏమనుకుంటారు? నేను అన్నిటికీ రెండేసి పెట్టాను, మైకులు రెండు, ఉంగరాల డబ్బాలు రెండు. పెళ్ళికొడుకుని కూడా రెండు పెట్టుకోవాలని నాకు తోచలేదు.

"సార్, ఇంకెవరూ లేరా? ఒక్క మనిషి దొరకలేదా మీకు?"

ఆఫీసరు గారు కాస్త ఇబ్బందిగా ఈతగాడి వైపు చూశారు. "లేకేం అమ్మా. ఉన్నాడు. నిరుడు ఇక్కడే పని చేసేవాడు. కాలికి దెబ్బ తగిలి చాన్నాళ్ళు మంచాన ఉన్నాడు. తగ్గాక వేరే బీచ్‌లో వేశాం. ఈ మధ్యే మళ్ళీ ఇక్కడికి వచ్చాడు. ఆదివారం నేను చూసుకుంటాను, వాడిని పెళ్ళి చేసుకోనివ్వండి సార్ అని తనంతట తనే అన్నాడు కూడా. ఈయనే ఒప్పుకోలేదు. ఆ డ్యూటీ నాకే కావాలని పట్టుబట్టి వేయించుకున్నాడు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"పట్టుబట్టి వేయించుకున్నావా?" అన్నాను. "నీ పెళ్ళి రోజున నువ్వే అడిగి డ్యూటీ వేయించుకున్నావా? నేనిక్కడ పిచ్చిదానిలా చెక్కలు మోయిస్తుంటే, నువ్వు వెళ్ళి ఆ పని చేసొచ్చావా?"

"వదినా, నేను..."

"నీకు ఈ పెళ్ళి ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పు."

"పెళ్ళి ఇష్టమే" అన్నాడు, చాలా త్వరగా. "ఇక్కడ ఇష్టం లేదు."

నేను అతని దగ్గరికి రెండడుగులు వేశాను.

"ఇక్కడ ఇష్టం లేదా?" అన్నాను నేను.

"మీరు ఆపరేషన్ థియేటర్లో పెళ్ళి చేసుకుంటారా వదినా?"

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ నా కోపం నాకుంది, బోలెడంత ఉంది. ఆ హాలు ఆ పొద్దునే వదిలేయమని ఫోన్ చేసిన నోరు ఇదే కదా! ఆ నోటితోనే, వద్దు వదినా, ఆ హాల్లోనే చేద్దాం అని ఒక్క మాట అని ఉంటే ఈ బస్తాలూ ఈ పలకలూ ఈ దూది తొడుగులూ ఉండేవా? అదే అనబోయాను.

చెల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కా, నువ్వు కాసేపు ఊరుకో" అంది. తర్వాత అతని ఎదురుగా వెళ్ళి నిలబడింది. "ఇందాక అలవాటు అన్నావు. రోజంతా నా పనేమిటో నీకు తెలుసు. జనం కళ్ళలోకి చూడ్డమే. ఏదైనా చూస్తున్నవాళ్ళ కళ్ళు ఒక చోట ఆగుతాయి. నీ కళ్ళు ఆ నీళ్ళ మీద ఎక్కడా ఆగలేదు. నువ్వు సముద్రాన్ని చూడ్డం లేదు. నన్ను తప్పించుకుంటున్నావు."

"అదేం లేదు..."

"ఉంది. నేను మొదటి మాట అనగానే తిరుగుతున్నావు. ఉంగరం తొడిగినప్పుడు తిరగలేదు. అక్క తిట్టినప్పుడు తిరగలేదు. ఆ ఒక్క మాటకే తిరుగుతున్నావు. ఏముంది ఆ మాటలో?"

ఈతగాడు ఆఫీసరు గారి వైపు చూశాడు. ఆయనకి ఏమీ అర్థం కావడం లేదు. "నేను తర్వాత వస్తానులే" అని కదలబోయారు.

"ఉండండి సార్" అన్నాడు ఈతగాడు. "నేను చెప్పేదాంట్లో ఏదైనా తేడా ఉంటే మీరు చెప్పాలి. మీకు తెలుసు."

ఆయన ఆగారు. ఫొటోగ్రాఫరు ఏదో మర్యాద గుర్తొచ్చినట్టు లేచి, కెమెరా సంచీ తీసుకుని దూరంగా వెళ్ళిపోయాడు. నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు. అన్నా వెళ్ళేదాన్ని కాదు.

"ఆదివారం అందరి ముందూ, మైకులో, నిన్ను నీళ్ళలోంచి తీశానని చెప్తావు" అన్నాడు అతను. ఇప్పుడు దాని మొహంలోకే చూస్తున్నాడు. "నేను తియ్యలేదు."

"ఏమిటి?"

"నిన్ను నీళ్ళలోంచి తీసింది నేను కాదు."

నేను ఆఫీసరు గారి మొహం చూశాను. ఆయన కాదనలేదు. పైగా, ఆ రోజు తీసిన అమ్మాయి ఈమేనా అన్నట్టు ఆశ్చర్యపోతున్నారు.

"ఆ రోజు టవర్ దగ్గర ఇద్దరం ఉన్నాం. నిన్ను ముందు చూసింది అతను. నేను జెండా దగ్గర ఉన్నాను. నేను ఈల ఊదేలోపే అతను నీళ్ళలో ఉన్నాడు. రాళ్ళ దగ్గర నిన్ను పట్టుకున్నాడు. అలకి కాలు రాళ్ళ మధ్య పడి కోసుకుపోయింది. అయినా నిన్ను వదల్లేదు. నేను నడుం లోతు నీళ్ళ దాకా వచ్చి అందుకున్నాను, అంతే. ఒడ్డున పడుకోబెట్టి ఊపిరి ఊదాను. నువ్వు కళ్ళు తెరిచేసరికి అతన్ని అంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు. నా బట్టలు తడిసి ఉన్నాయి. నువ్వు నా మణికట్టు పట్టుకుని, నన్ను తీసింది మీరే కదా అన్నావు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?"

"నువ్వప్పుడు వణికిపోతున్నావు. తర్వాత చెప్దామనుకున్నాను. మర్నాడు నువ్వే టవర్ దగ్గరికి వచ్చావు. అప్పుడు చెప్దామనుకున్నాను. నువ్వు నవ్వావు. ఆ తర్వాత మీ ఇంటికి తీసుకెళ్ళావు. మీ అమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ చేతులు కావండీ అని ఎలా చెప్పమంటావు? ఒకసారి చెప్పకపోతే, రెండోసారికి ఇంకా కష్టమవుతుంది. అక్కణ్ణుంచి నువ్వు చెప్పిన ప్రతివాళ్ళ దగ్గరా నేను తలకాయ ఊపుతూనే ఉన్నాను."

"అందుకే డ్యూటీ అడిగి వేయించుకున్నావు" అంది చెల్లి నెమ్మదిగా. "ఆదివారం అతను ఇక్కడ ఉండకూడదని. నేనా మాట చెప్తుంటే అతను వినకూడదని."

అతను తల దించుకున్నాడు.

నాకేమనిపించిందో దాచకుండా చెప్తాను. నర్సుగా నాకు తెలుసు, నీళ్ళలోంచి తీయడం ఒక ఎత్తు, ఆగిన ఊపిరి తిరిగి రప్పించడం ఇంకో ఎత్తు. ఆ రోజు ఇతని చేతులు పని చేయకపోతే అవతలివాడు కాలు కోసుకుని తెచ్చినా మాకు దక్కేది కాదు. ఆ మాట ఇతను చెప్పుకుని ఉంటే చాలు, మా అమ్మ అప్పుడూ కళ్ళకద్దుకునేది. అంత మంచి నిజం చేతిలో పెట్టుకుని అబద్ధం ఎందుకు మోశాడు? ఇది నర్సు ఆలోచన. అక్కగా మాత్రం అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఎవడో ఒక మనిషి నా చెల్లి కోసం కాలు పాడుచేసుకుని నెలల తరబడి మంచాన పడి ఉంటే, మేము ఒక్క పండు తీసుకుని వెళ్ళి చూడలేదు. ఎలా ఉన్నావని అడగలేదు. మాకు అసలు అలాంటివాడు ఒకడున్నాడనే తెలియదు. ఈ సిగ్గు మాకు అంటగట్టింది ఇతనే.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగింది చెల్లి.

"లేదు. ఇదే."

"అతనికి తెలుసా? నన్ను తీసింది నువ్వేనని నేను అనుకుంటున్నానని?"

"తెలియదు."

ఆఫీసరు గారు గొంతు సవరించుకున్నారు. పాపం, ఆయనకి ఈ గొడవలోకి రావడం బొత్తిగా ఇష్టం లేదు. కానీ అబద్ధం ఆడే మనిషి కాదు.

"అతనికేం తెలియదమ్మా. ఆ రోజు తీసిన అమ్మాయి బతికిందా అని ఆస్పత్రిలో నన్ను అడిగాడు. బతికిందన్నాను. ఆ మాట చాలన్నాడు. పెళ్ళికూతురివి నువ్వేనని కూడా అతనికి తెలియదు. నాకే ఇప్పుడు తెలిసింది."

చెల్లి ఏడవలేదు. ఏడిస్తే నాకు ధైర్యంగా ఉండేది. నేను దాని భుజం మీద చెయ్యి వేశాను. "పదవే, ఇంటికెళ్దాం. రేపు ప్రశాంతంగా మాట్లాడుకుందాం. ఇవాళ ఎవరూ ఏమీ తేల్చొద్దు" అన్నాను. జన్మలో మొదటిసారి నేను ఒక పనిని రేపటికి వాయిదా వేయమన్నాను.

"అతనిప్పుడు ఎక్కడున్నాడు సార్?" అంది అది, నా మాట వినపడనట్టే.

ఆఫీసరు గారు చెయ్యి చాపి చూపించారు. కాస్త దూరంలో టవర్ ఉంది. దాని కింద ఒక మనిషి మాకు వీపు పెట్టి, ఎర్ర జెండా దించి మడత పెడుతున్నాడు. అటు నుంచి ఇటు నడుస్తుంటే ఒక కాలు కొద్దిగా ఈడుస్తున్నాడు.

"పిలవమంటావా అమ్మా?" అన్నారాయన.

"వద్దు సార్" అన్నాడు ఈతగాడు. "ఇప్పుడొద్దు. ఒక్క రోజు ఆగండి. అతనికి నేనే చెప్తాను, నా నోటితో నేనే చెప్తాను." చెల్లి వైపు ఒక అడుగు వేశాడు. "ప్లీజ్."

మా చెల్లి నా చెయ్యి తన భుజం మీంచి తీసేసింది. వేలికి రిహార్సల్ కోసం పెట్టుకున్న ఉంగరం ఊడదీసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది. కళ్ళు మాత్రం ఆ టవర్ కింద మనిషి మీదే ఆగి ఉన్నాయి.

"పిలవండి సార్" అంది.